మూడు నిమిషాల కజ్జికాయలు

ఎనభైమూడులో ఆకులు రాలే కాలమంతా మా ఇంట్లో ఒకటే రగడ, నేను టీవీలో కనబడాలా వద్దా అని. కనబడాలని నేను, వద్దని మా అత్తగారు రాజేశ్వరమ్మ గారు. మా ఆయన శ్యామ్‌సుందర్ ఎటూ తేల్చకుండా పొద్దున్నే నది కింద నడిచే పాత్ రైలెక్కి మన్‌హటన్‌లో ఆఫీసుకి వెళ్లిపోయి, మేమిద్దరం మాట్లాడి అలిసిపోయాక ఇంటికి చేరేవారు.

జెర్సీ సిటీలో మా వీధికి కేబుల్ తీగ లాగింది ఆ ఏడే. ఊళ్లో ఎవరైనా సొంతంగా ప్రోగ్రాం వేసుకోవచ్చని కేబుల్ వాళ్లు ఒక ఛానెల్ విడిగా పెట్టారు. మా తెలుగు సంఘం ప్రెసిడెంటు కొండల్ రావు గారు ఆ కబురు వినడమే ఆలస్యం, వెళ్లి అప్లికేషన్ పడేసి వచ్చారు. దీపావళి వెళ్లిన ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాకిచ్చారు. అంతా లైవ్. ఆ ఒక్క సాయంత్రం సరిగ్గా నడిపిస్తే ప్రతి ఆదివారం ఒక గంట మాదే. షరతల్లా ఒకటే, మధ్యలో ఎక్కడా తెర ముప్ఫై సెకన్లకి మించి ఖాళీగా ఉండకూడదు. ఉందా, ఆ గంట లిస్టులో మా వెనక ఉన్న మనిషికి వెళ్లిపోతుంది. మా వెనక ఉన్నది అకార్డియన్ వాయించే పోలిష్ పెద్దాయన.

ఒక శనివారం కొండల్ రావు గారు మా ఇంటికొచ్చి, టీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టారు.

"అమ్మా జయంతీ, నువ్వు చదువుకున్నదానివి, నాలుగు ముక్కలు మంచిగ మాట్లాడ్తవ్. అనౌన్సర్‌గ నువ్వే ఉండాలె."

నాకంటే ముందు ముగ్గురిని అడిగారని, ముగ్గురూ సిగ్గని తప్పించుకున్నారని తర్వాత తెలిసింది. తెలిసినా నాకేం బాధ కలగలేదు. ఎమ్మెస్సీ జువాలజీ పాసై, పెళ్లి చేసుకుని, ఆ నాలుగో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఐదేళ్లుగా బట్టలు మడతపెడుతున్నాను. ఈ దేశంలో నన్ను ఎవరైనా ఒక పని చేసిపెట్టమని అడగడం అదే మొదలు. ఆయన కప్పు కింద పెట్టేలోపే ఒప్పేసుకున్నాను.

అత్తయ్య తెనాలి నుంచి జులైలో వచ్చారు. మావగారికి చలి పడదని ఆయన రాలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ తీర్పు చెప్పారు, నాకు కాదు, కొడుక్కి.

"ఒరేయ్ శ్యామూ, వాళ్లు మొహమాట పెట్టారు కాబట్టి ఈ ఒక్కసారికీ సరే. వారం వారం ముస్తాబై ఆ పెట్టెలో కూర్చుంటానంటే మాత్రం నేనొప్పుకోను. మీ ఆవిడకి చెప్పు."

మీ ఆవిడ అంటే నేను. పక్క కుర్చీలోనే ఉన్నాను. అప్పటికి మూడు నెలలుగా ఆవిడ నాతో నేరుగా మాట్లాడేది తక్కువ, మాట్లాడినా "అమ్మాయ్" అనేవారు తప్ప నా పేరు ఆవిడ నోట వినలేదు. శ్యామ్ పులుసు కలుపుకుంటూ సరేనమ్మా అన్నారు. ఆయన సరేనమ్మా అంటే ఆ మాట అక్కడితో ఐపోయినట్టే. సంఘానికి గంట దక్కినా నాకు దక్కదు. నాకు మాత్రం ఆ గంట కావాలి. ఎంత కావాలో ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారని చెప్పుకోలేదు, స్నానం చేస్తూ "నమస్కారం, ఇది జెర్సీ సిటీ తెలుగు ప్రసారం" అని అద్దానికి చెప్పుకునేదాన్ని.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లో టీవీ పిచ్చి నాది కాదు, ఆవిడది. మధ్యాహ్నం రెండింటికి ఏదో డాక్టర్ల సీరియల్ వచ్చేది. ఆవిడకి ఇంగ్లీషులో థాంక్యూ దాటి రాదు. ఐనా ఒక్క రోజు వదిలేవారు కాదు. చూడ్డం అయ్యాక, నేను కూరలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని, గోడకి చెబుతున్నట్టు ఆ రోజు కథ చెప్పేవారు. అసలు కథ వేరు. నేనూ ఓ కన్ను వేసి చూసేదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆసుపత్రి కొనడానికి వచ్చిన షావుకారుని ఆవిడ దొంగ మేనమామ చేసేశారు, నర్సుని సవతి చెల్లెల్ని చేశారు. ఆవిడ చెప్పేదే బాగుండేది, నేను ఎప్పుడూ దిద్దలేదు. రోజులో ఆ అరగంట మాత్రం మా ఇద్దరికీ యుద్ధం లేదు.

ప్రోగ్రాం నడిపించడానికి ఒక పెద్దమనిషి దొరికారు. మా పై అంతస్తులో ఉండే రేణు వాళ్ల నాన్నగారు, ఉమామహేశ్వరరావు గారు. రేడియోలో ఇంజనీరుగా చేసి రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. యాభైనాలుగులో ఆయన్ని ఏడాదిపాటు ట్రైనింగ్‌కి లండన్ పంపారట. ఆ ఏడాది ఆయన లోపల ఇంకా నడుస్తూనే ఉంది. అక్టోబరు మొదట్లో మా హాల్లో మీటింగు పెడితే ముందు గంటసేపు లండన్‌లో టెలివిజన్ సాయంత్రం ఎలా ఉండేదో చెప్పారు.

ఉన్నది ఒక్కటే ఛానెల్. సాయంత్రం పిల్లల ప్రోగ్రాం ఐపోగానే గంటకు పైగా ఏమీ వేయరు, తల్లులు పిల్లల్ని పడుకోబెట్టుకోవాలి కదా అని. ఆ తర్వాత పొడవాటి సిల్కు గౌను, ముత్యాల దండ వేసుకుని అనౌన్సరమ్మ వచ్చి, చుట్టాన్ని పలకరించినట్టు గుడ్ ఈవెనింగ్ చెబుతుంది. నాటకం ఆదివారం వేస్తారు, అదే నాటకం మళ్లీ గురువారం వేస్తారు, రెండుసార్లూ నటులు వచ్చి ఆడాల్సిందే. రాత్రి అంతా ఐపోయాక జాతీయ గీతం వస్తుంది. ఆయన అద్దెకున్న ఇంటావిడ తన హాల్లో, తన కార్పెట్ మీద, ఒక్కర్తే లేచి నిలబడేది. స్వతంత్రం వచ్చి ఏడేళ్లయినా ఈయన కూడా లేచేవారట.

"తప్పదు కదమ్మా, పొద్దున్న టీ ఇవ్వాల్సింది ఆవిడే," అన్నారు మా అత్తయ్యతో. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ అలా నవ్వగా నేను మొదటిసారి చూశాను.

ఆ తర్వాత ఆయన కాగితం తీసి, రెండు గంటల్నీ నిమిషాల కింద కోసేశారు. ఆరింటికి అనౌన్సరు, ఆరూ రెండుకి పిల్లల ప్రార్థన, ఆరూ ఏడుకి నాట్యం, ఇలా. నాట్యానికీ పాటకీ మధ్య "ఇంటర్‌లూడ్, మూడు నిమిషాలు" అని రాశారు. అదేమిటని కొండల్ రావు గారు అడిగారు. ఒక అంశం ఐపోయి ఇంకోటి సర్దుకునేలోపు తెర ఖాళీ కాకుండా ఏదైనా ఊరికే చూపిస్తారు, లండన్‌లో ఐతే కుమ్మరి సారె మీద కుండ తిరగడం చూపించేవాళ్లు, మాటలుండవు, చేతులే, జనం దాన్ని నాటకం కంటే ఇష్టంగా చూసేవాళ్లు అని చెప్పారు. కొండల్ రావు గారు అక్కడ సంఘం కార్యవర్గం ఫొటోలు వేద్దామన్నారు. ఉమామహేశ్వరరావు గారు ఆ మాట విననట్టు నటించి, ప్లేటులో మిగిలిన ఆఖరి కజ్జికాయని తీసి, దాని అంచు మడతల్ని దీపానికి ఎత్తిపట్టి చూశారు.

"ఈ మడత ఎవరు వేశారమ్మా?"

అత్తయ్య వేశారు. ఆవిడ చేతుల్ని మూడు నిమిషాలు చూపిస్తానన్నారు ఆయన. మొహం పడదు, మాట అక్కర్లేదు, పీటా, అప్పడాల కర్రా, చేతులూ, అంతే. అత్తయ్య చాలాసేపు ఆలోచించి, గాజులు కనబడతాయా అని అడిగారు. కనబడతాయన్నాక ఒప్పుకున్నారు. కోడలు పెట్టెలో కనబడితే పరువు పోతుందిగానీ అత్తగారి చేతులు కనబడితే పోదన్నమాట అని నేను మనసులో అనుకున్నాను.

మీటింగులో ఆఖరి పేచీ పిలుపు కార్డు మీద వచ్చింది. పాడేవాళ్లకీ ఆడేవాళ్లకీ ఐదు గంటలకి రమ్మని కార్డు వేయిద్దామన్నారు ఉమామహేశ్వరరావు గారు. కొండల్ రావు గారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"మీకు మనోళ్ల సంగతి తెల్వద్ సార్. ఐదని వేస్తే ఏడింటికొస్తరు. మూడని వేద్దాం, ఐదింటికొస్తరు. పదేండ్లసంది నేను గిట్లనే నడిపిస్తున్న."

నిజమే, పదేళ్లుగా అలాగే నడిపిస్తున్నారు. అందుకే ఆయన కార్డులో మూడని ఉంటే దానికి ఎంత కలుపుకోవాలో ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. ఈసారి ఇంకో సంగతి జరిగింది. ఆరింటికి లైవ్ కాబట్టి ఈ మాటు ఇంకాస్త ముందే వేసి ఉంటారని అనుకుని, ప్రతివాళ్లూ ఇంకో అరగంట అదనంగా కలుపుకున్నారు.

ఆ ఆదివారం మేం ముగ్గురం, ఉమామహేశ్వరరావు గారు కలిసి నాలుగున్నరకల్లా స్టూడియోకి చేరాం. ఒక ఫర్నిచర్ షాపు పైన పెద్ద గది, రెండు కెమెరాలు, నల్లటి తెరలు, అద్దానికి అవతల మీటలున్న చిన్న గది. స్టూడియో చూసుకునే ఆవిడ పేరు లొరెయిన్. చెవులకి హెడ్‌ఫోన్, నోట్లో చూయింగ్ గమ్. మాకు రూలు మళ్లీ చెప్పింది, ముప్ఫై సెకన్లు. రూలు తనది కాదని, పైవాళ్లదని, అకార్డియన్ ఆయన మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడని కూడా చెప్పింది.

ఐదయింది. ఎవరూ లేరు. ఐదున్నరయింది, మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. శ్యామ్ ఆఫీసు గదిలోంచి ఫోన్ చేస్తే, కొండల్ రావు గారు నాట్యం చేసే పిల్లల్ని ఎక్కించుకోవడానికి వాన్ వేసుకుని డాన్సు టీచరు సుమతి వాళ్లింటికి వెళ్లారని, అక్కడ ఏడుగురికి జడలల్లుతున్నారని, మూడో జడ నడుస్తోందని తెలిసింది. ప్రార్థన పిల్లలూ ఆ వాన్‌లోనే రావాలి. కజ్జికాయల వెనక వినిపించాల్సిన వీణ క్యాసెట్టు కూడా ఆయన కోటు జేబులోనే ఉంది. శ్యామ్ కారు తాళాలు తీసుకుని పరుగెత్తారు.

ఆరుకి ఐదు నిమిషాలుంది. స్టూడియోలో నేను, పీట ముందు అత్తయ్య, అద్దం వెనక ఉమామహేశ్వరరావు గారు, అంతే తెలుగు సంఘం.  నా భయం అనౌన్స్‌మెంట్ గురించి కాదు. ఇంకో పది నిమిషాల్లో తెర నల్లబడుతుంది, ఆ గంట అందరికీ పోతుంది, దానికోసం పోట్లాడే అవకాశం కూడా నాకు మిగలదు. ఏడుపొచ్చింది కానీ కాటుక కరుగుతుందని ఏడవలేదు.

ఎర్రలైటు వెలిగింది. నమస్కారం చెప్పాను, అద్దానికి చెప్పుకున్నట్టే చెప్పాను. దీపావళి శుభాకాంక్షలు చెప్పాను. రాబోయే అంశాలన్నీ ఒక్కొక్కటీ నిదానంగా చదివాను, తర్వాత ఇంకా నిదానంగా ఇంకోసారి చదివాను. కాగితం ఐపోయింది. అద్దంలోకి చూస్తే ఉమామహేశ్వరరావు గారు మొహంలో నెత్తురు చుక్క లేకుండా నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యెత్తి అత్తయ్య వైపు చూపించారు.

రెండో కెమెరా ఆవిడ చేతుల మీదికి వెళ్లింది. ఉండ తీసుకున్నారు, వత్తారు, కొబ్బరి కోరు పెట్టారు, సగానికి మడిచి, అంచు చిన్న చిన్న మడతలుగా వేసుకుంటూ వెళ్లారు. అందంగానే ఉంది కానీ చప్పుడు లేదు. వీణ లేదు. రేడియోలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషికి నిశ్శబ్దమంటే ఎంత దడో ఆయన్ని చూస్తే తెలుస్తోంది, నన్ను మాట్లాడమని చేత్తో సైగ చేస్తున్నారు. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎమ్మెస్సీ అంతా ఏమైపోయిందో తెలియదు. మూడు నిమిషాలూ ఐపోయాయి. ఆవిడ తెచ్చుకున్నవి పదే ఉండలు. ఐదు మిగిలాయి.

అప్పుడు అత్తయ్య, తల ఎత్తకుండా, కర్ర ఆపకుండా అడిగారు.

"ఏం జయంతీ, శుక్రవారం పండగ హడావిడిలో నేను చూళ్లేదు, ఆ డాక్టరమ్మ తలుపు తీసిందా?"

మైకు ఆన్‌లో ఉంది. ఆ మాట ఊళ్లో కేబుల్ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లింది.

"తీసిందండీ," అన్నాను.

"లోపల ఎవరున్నారు?"

"ఆమె భర్తండీ. చచ్చిపోయాడనుకున్నాం కదా, ఆయన."

"ఆయనెందుకు చచ్చిపోతాడు? చచ్చిపోయాడని చెప్పింది ఆ తెల్లజుట్టు లాయరు. వాడి మాట నువ్వు నమ్మావా?"

నమ్మలేదన్నాను. ఎందుకు నమ్మకూడదో ఆవిడ మొదలుపెట్టారు. ఆ లాయరు పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. దొంగ మేనమామ వచ్చాడు, సవతి చెల్లెలు వచ్చింది. మధ్యలో నన్ను రమ్మని చేత్తో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఓ ఉండ నా చేతిలో పెట్టారు. నేను వేసిన మడత చూసి, ఇది నూనెలో వేస్తే నోరు తెరుస్తుంది అని విప్పించి మళ్లీ వేయించారు. ఉండలు అయిపోగానే ఏమాత్రం తొణక్కుండా, చేసినవాటిలో నావే ఏరి, కోరు తీసేసి, పిండి మళ్లీ ముద్ద చేసుకుని కథలోకి వెళ్లిపోయారు. నేను అడుగుతున్నాను, అడ్డొస్తున్నాను, నవ్వుతున్నాను. కెమెరా ఉందన్న సంగతి మర్చిపోయాను.

ఆరూ పదకొండుకి అద్దం అవతల ఫోన్ మోగింది. ఉమామహేశ్వరరావు గారు విని, ఒక చీటీ రాసి అద్దానికి ఆనించారు. ఎవరో శశికళ గారు, లాయరు మంచివాడేనని, తప్పంతా నర్సుదని చెప్పమన్నారు. నేను చదివి వినిపించాను. అత్తయ్య అప్పడాల కర్ర పక్కన పెట్టి, శశికళ గారికి నాలుగు పాయింట్లలో జవాబిచ్చారు. మళ్లీ ఫోన్, మళ్లీ చీటీ. తెలుగిళ్లలో మధ్యాహ్నం రెండింటికి ఇంతమంది ఆడవాళ్లు ఒక్కొక్కరే కూర్చుని అదే సీరియల్ చూస్తున్నారని, ఎవరికి వారే ఒక కథ అల్లుకున్నారని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఉమామహేశ్వరరావు గారు తన నిమిషాల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

లొరెయిన్ మొదటి కెమెరాని మెల్లగా అత్తయ్య మొహం మీదికి తిప్పించింది. అత్తయ్య చూశారు. మాట ఆపలేదు, పమిట సర్దుకున్నారంతే.

ఆరూ నలభైఐదుకి మెట్ల మీద గజ్జెల చప్పుడు వినబడింది. ఏడు జడలూ, పూలదండల బుట్టా, వాటి వెనక చెమటలు కక్కుతూ కొండల్ రావు గారూ, మా ఆయనా. అక్కడి నుంచి ప్రార్థన, నాట్యం, పాట, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ జరిగిపోయాయి. కొండల్ రావు గారి ఎనిమిది నిమిషాల ఉపన్యాసానికి ఒక నిమిషం దక్కింది. అందులోనే ఆయన ఏడుగురికి ధన్యవాదాలు చెప్పారు. ఎనిమిదింటికి నేను సెలవు చెప్పగానే ఎర్రలైటు ఆరిపోయింది, అందరం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాం. నాకు ఒళ్లంతా తేలిపోతున్నట్టుంది. అంత సంతోషం ఈ దేశం వచ్చాక నేనెరగను.

లొరెయిన్ హెడ్‌ఫోన్ మెడకి వేసుకుని బయటికొచ్చింది. తెర ఒక్క సెకను కూడా ఖాళీగా లేదంది. ముప్ఫైకి పైగా ఫోన్లు వచ్చాయని, అందులో నాలుగు భాష ఒక్క ముక్క తెలియనివాళ్లవని, ఆ చంద్రవంక లాంటిది ఎలా చేయాలో అడిగారని చెప్పింది. తనూ ఆ సీరియల్ చూస్తుందట, పెద్దావిడ ఏం చెప్పిందో మొత్తం నా చేత చెప్పించుకుని, ఇదే బాగుంది అంది. తర్వాత ఓ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్రతి ఆదివారం గంట. ప్రోగ్రాం ఎవరి బాధ్యతో వాళ్లు ఇద్దరు సంతకాలు పెట్టాలి.

కొండల్ రావు గారు జేబులోంచి పెన్ను తీశారు. ప్రెసిడెంటు ఆయనే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. శ్యామ్ నా వైపు చూసి, వాళ్లమ్మ వైపు చూసి, నేల వైపు చూశారు. నేను చేతికంటిన పిండి గోకుతూ నిలబడ్డాను.

అదేం కాగితమని అత్తయ్య కొడుకుని అడిగారు. ఆయన చెప్పారు. ఆవిడ పీట మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చారు.

"కొండల్ రావు గారూ, ఏమీ అనుకోకండి. ఆరు గంటలకి ఇక్కడ ఉన్నవాళ్లు కదండీ సంతకం పెట్టాలి."

 కొండల్ రావు గారు ఆవిణ్ణి చూశారు, వాచీ చూసుకున్నారు, పెద్దగా నవ్వి పెన్ను నా చేతిలో పెట్టేశారు. "గది నిజమే కదమ్మా," అన్నారు.

నేను అత్తయ్య వైపు చూశాను. వారం వారం అని ఉందండీ ఇందులో, అన్నాను మెల్లగా.

"విన్నాన్లే. రాయి."

రాశాను. రెండో గీత మీద ఎవరని లొరెయిన్ అడిగితే పెన్ను అత్తయ్యకిచ్చాను. ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, వంగి, తెలుగులో, ఒక్కో అక్షరమూ గుండ్రంగా చాలాసేపు రాశారు. తెనాలి బ్యాంకులో సంతకం చేయాలన్నా, వీసా కాగితాల మీద ఐనా, ఆవిడ తన పేరు పక్కన మావగారి భార్యనని రాస్తారు, లేదంటే శ్యామ్ తల్లినని. లొరెయిన్ ఫారం తన వైపు తిప్పుకుని, ఈ అక్షరాలు చాలా అందంగా ఉన్నాయి, కానీ కింద ఇంగ్లీషులో రాసుకోవాలి, ఏముందో చదివిపెట్టు అంది.

చూశాను. "రాజేశ్వరమ్మ, జయంతి అత్తగారు" అని ఉంది.

లొరెయిన్ పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తోంది.  పైకి చదివాను, ఒకసారి కాదు, రెండుసార్లు.